రెండో స్థానం ఖాళీ అవుతుందా? దక్షిణాదిలో బీజేపీ అవకాశాలు

(నెల్లూరులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం. కావలి, గూడూరు వైపు నుంచే కాకుండా ఒంగోలు నుంచి కూడా కొందరు వచ్చారు. ఎండను లెక్కచేయకుండా వచ్చినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు.

దక్షిణాది రాష్ట్రాలు బీజేపీ వైపు తిరుగుతాయా, తిరిగితే ఎలా అన్నది ఈరోజు విషయం. నేను ఏ పార్టీలోనూ లేను. బీజేపీ గెలవాలని కోరుకునేవాళ్లు, గెలవకూడదని కోరుకునేవాళ్లు ఇద్దరూ ఈ హాల్లో ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలన్నది నా ప్రయత్నం. పూర్తి లెక్కలు చేతిలో ఉన్న 2024 సాధారణ ఎన్నికల దాకానే వస్తాను.

మన పక్కన జరిగినదానితో మొదలుపెడదాం. తిరుపతి లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి మన ఉమ్మడి నెల్లూరువి. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు చిత్తూరువి. 2024లో ఈ ఏడింటికి ఏడూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమే గెలిచింది. ఆరు తెలుగుదేశానికి, తిరుపతి జనసేనకు. లోక్‌సభకు మాత్రం కూటమి తరఫున బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావు గారు నిలబడ్డారు. ఆయన ఓడిపోయారు. వైసీపీ అభ్యర్థి గురుమూర్తి గారు పద్నాలుగు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఒకే రోజు, ఒకే బూత్, రెండు ఈవీఎంలు. అసెంబ్లీ మిషన్ మీద సైకిల్ నొక్కినవాళ్లలో కొంతమంది లోక్‌సభ మిషన్ మీద కమలం నొక్కలేదు.

అభ్యర్థి వల్లే అలా జరిగిందని చాలామంది అంటారు. ఆయన గతంలో వైసీపీ ఎంపీ, తర్వాత గూడూరులో అదే పార్టీ ఎమ్మెల్యే. ఎన్నికల ముందు కమలం కండువా కప్పుకున్నారు. అది కొంత నిజమే. కానీ 2021 ఉపఎన్నికను కూడా గుర్తు చేసుకోండి. కర్ణాటకలో చీఫ్ సెక్రటరీగా పనిచేసిన రత్నప్రభ గారిని బీజేపీ నిలబెట్టింది. జనసేన మద్దతు కూడా ఉంది. వచ్చినవి 57 వేల ఓట్లు. మూడేళ్లు తిరిగేసరికి అదే స్థానంలో బీజేపీకి ఆరు లక్షలు దాటాయి. ఈ మూడేళ్లలో గూడూరు పల్లెల్లో కమలానికి కొత్తగా పుట్టుకొచ్చిన కేడర్ ఏమీ లేదు. పెరిగిన ఓటులో చాలా భాగం తెలుగుదేశం తెచ్చి ఇచ్చింది. తేలేకపోయిన ఆ కాస్తే ఓటమి అయింది.

తన పార్టీకి పట్టులేని రాష్ట్రంలోకి ఒక జాతీయ పార్టీ వెళ్లాలనుకున్నప్పుడు దానికి ఎదురయ్యే చిక్కు మొత్తం ఈ ఒక్క నియోజకవర్గంలో కనిపిస్తుంది.

పాతతరం వాళ్లకు మరొకటి గుర్తుంటుంది. 1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ ప్రభంజనం. తొమ్మిది నెలల పార్టీ కాంగ్రెస్‌ను ఊడ్చేసిన ఏడాది అది. ఆ గాలిలో కూడా మన ఉదయగిరి నుంచి బీజేపీ అభ్యర్థి గెలిచారు. వెంకయ్యనాయుడు గారు. అంతకుముందు 1978లో జనతా పార్టీ తరఫున అక్కడి నుంచే గెలిచారు. దేశం మొత్తం మీద ఆ పార్టీకి చెప్పుకోదగ్గ బలం లేని రోజుల్లో, వానలు సరిగా పడని మెట్టప్రాంతంలో అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆయన పార్టీకి జాతీయ అధ్యక్షుడయ్యారు, కేంద్రమంత్రి అయ్యారు, 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1989లో బాపట్ల నుంచి, 1996లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడారు. రాజ్యసభకు కర్ణాటక నుంచి, రాజస్థాన్ నుంచి వెళ్లాల్సి వచ్చింది. మనిషి ఎదిగారు. ఉదయగిరిలో పార్టీ ఎదగలేదు. 2024లో ఉమ్మడి నెల్లూరు, ఉమ్మడి ప్రకాశం జిల్లాల్లోని ఒక్క అసెంబ్లీ సీటులోనూ బీజేపీ పోటీ చేయలేదు.

1984 కూడా అలాంటిదే. దేశం మొత్తం మీద బీజేపీ గెలిచినవి రెండు లోక్‌సభ సీట్లు. ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మన తెలుగునేల మీది హన్మకొండ. అక్కడ జంగారెడ్డి గారు ఓడించింది పి.వి. నరసింహారావు గారిని. ఆ రెండు రాష్ట్రాలూ ఒకే గీత దగ్గర మొదలయ్యాయి. గుజరాత్ పదేళ్లు తిరిగేసరికి బీజేపీ చేతికి వచ్చింది. తెలంగాణలో ఆ పార్టీ చెప్పుకోదగ్గ శక్తి కావడానికి ముప్ఫై అయిదేళ్లు పట్టింది. ఎందుకు?

నాకు దొరికిన సమాధానం చెబుతాను. ఒప్పుకోకపోతే చివర్లో అడగండి. ఒక రాష్ట్రంలో కొత్త పార్టీ అధికారంలోకి రావాలంటే ముందు అది ఓడించాల్సింది మొదటి స్థానంలో ఉన్న పార్టీని కాదు. రెండో స్థానంలో ఉన్నదాన్ని. పాలించేవాళ్ల మీద కోపం ఎప్పుడూ ఉంటుంది. ఆ కోపాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలన్నదే ఓటరు ముందున్న ప్రశ్న. అప్పటికే ఆ పని చేయడానికి గట్టి ప్రతిపక్షం ఉంటే మూడోవాడి వైపు తల తిప్పడు.

త్రిపుర చూడండి. 1993 నుంచి 2018 దాకా పాతికేళ్లు వరసగా వామపక్షాల పాలన. 2013లో అక్కడ బీజేపీకి ఒకటిన్నర శాతం ఓట్లు. ఒక్క సీటు లేదు. ప్రతిపక్షం కాంగ్రెస్. దానికి ముప్ఫై ఆరు శాతం దాకా ఓట్లున్నాయి. అంత ఓటు ఉండి కూడా అది ఓడీ ఓడీ అలిసిపోయింది. బెంగాల్‌లో కమ్యూనిస్టులతో కాంగ్రెస్ పొత్తు పెట్టుకోవడంతో త్రిపుర కాంగ్రెస్ వాళ్లకు కింద నేల కదిలిపోయింది. జీవితమంతా ఎవరితో కొట్లాడారో వాళ్లతోనే తమ పార్టీ చేతులు కలిపితే ఊళ్లో తలెత్తుకుని తిరగడం ఎలా? నాయకులు ముందు వెళ్లిపోయారు, ఓటర్లు వెనకే వెళ్లారు. 2018లో కాంగ్రెస్ రెండు శాతం లోపుకు పడిపోయింది, బీజేపీ ప్రభుత్వం ఏర్పడింది. విశేషమేమిటంటే, ఆ ఎన్నికలో సీపీఎం ఓటు మరీ కరిగిపోలేదు. దానికి నలభై రెండు శాతం పైనే వచ్చాయి. కరిగిపోయింది కాంగ్రెస్. అంటే బీజేపీ గెలిచింది ప్రతిపక్షం ఓటుతో.

ఇక ఒడిశా. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన రాష్ట్రానికి దగ్గరి పాఠం అదే. బీజేపీ, నవీన్ పట్నాయక్ గారి బిజూ జనతాదళ్ చాలా ఏళ్లు పొత్తులో ఉండి కలిసి ప్రభుత్వం నడిపాయి. 2004లో బీజేపీకి 32 మంది ఎమ్మెల్యేలు. 2009లో పొత్తు తెగింది. ఆ ఎన్నికలో బీజేపీ ఆరు సీట్లకు పడిపోయింది. 2014లో పది. 2019లో ఇరవై మూడు. 2024లో 147కు 78 గెలిచి సొంతంగా అధికారంలోకి వచ్చింది. పొత్తు తెగాక పదిహేనేళ్లు పట్టింది. ఆ మధ్యలో 2017 జిల్లా పరిషత్ ఎన్నికల్లో, ఢిల్లీలో ఎవరూ పట్టించుకోని ఆ ఎన్నికల్లో, 297 స్థానాలు గెలిచింది. అంతవరకు రెండో స్థానంలో ఉన్న కాంగ్రెస్‌ను గ్రామాల్లో దాటేసిన ఏడాది అదే. నా మట్టుకు నాకు ఒడిశా మారింది 2017లో. 2024లో మారింది ముఖ్యమంత్రి కుర్చీ. ఇంకో మాట, 2024లో కూడా బీజేడీకి, బీజేపీకి వచ్చిన ఓట్లు దాదాపు సమానం. ఇద్దరికీ నలభై శాతం చొప్పున. ఒడిశా ప్రజలు నవీన్ గారిని తరిమేశారని రాసిన వ్యాసాలు చదివితే నాకు బాధేస్తుంది. ఇరవై నాలుగేళ్ల పాలన తర్వాత కూడా నూటికి నలభై మంది ఆయనతో నిలబడ్డారు.

కర్ణాటకది ఇంకో రకం. అక్కడ జనతాదళ్ ముక్కలు కావడం, రామకృష్ణ హెగ్డే గారిని 1996లో పార్టీ నుంచి పంపేయడం, అంతకుముందు 1990లో వీరేంద్ర పాటిల్ గారిని కాంగ్రెస్ ముఖ్యమంత్రి పదవి నుంచి దింపిన తీరు, ఇవన్నీ కలిసి అక్కడి పెద్ద సామాజికవర్గమైన లింగాయతులకు సొంత గూడు లేకుండా చేశాయి. బీజేపీ నాయకుడు యడియూరప్ప గారు ఆ ఖాళీని చూసుకున్నారు. 2008లో దక్షిణాదిలో మొదటి బీజేపీ ప్రభుత్వం వచ్చింది. తెలంగాణలో 2023లో ఓడిన బీఆర్ఎస్ మరుసటి ఏడాది లోక్‌సభలో ఒక్క సీటూ గెలవలేదు. అదే ఎన్నికలో బీజేపీ ఎనిమిది గెలిచింది, కాంగ్రెస్ ఎనిమిది. అక్కడ రెండో కుర్చీ కోసం పోటీ 2024 నాటికి తేలలేదు.

ఈ సూత్రానికి హద్దు కూడా ఉంది. బెంగాల్‌లో కమ్యూనిస్టులు, కాంగ్రెస్ వదిలిన జాగా అంతా బీజేపీ ఆక్రమించింది. 2021లో ఆ రెండు పార్టీలకూ అసెంబ్లీలో ఒక్క సీటు దక్కలేదు. అయినా బీజేపీ 294లో 77 దగ్గర ఆగింది. ఖాళీ నిండాక ఇంకా పెరగాలంటే పాలించే పార్టీ సొంత ఓటును చీల్చాలి. అది వేరే యుద్ధం.

మన పొరుగున తమిళనాడు. తడ దాటితే ఆరంబాక్కం. సూళ్లూరుపేట వాళ్లకు వైద్యానికైనా, పెళ్లి బట్టలకైనా చెన్నపట్నమే దగ్గర. ఆ రాష్ట్రం గురించి ఢిల్లీ టీవీ స్టూడియోల కంటే మనకు ఎక్కువ తెలుసు. 1967లో కాంగ్రెస్ అక్కడ అధికారం పోగొట్టుకుంది. ఆ తర్వాత మళ్లీ ఆ రాష్ట్రాన్ని ఒక జాతీయ పార్టీ పాలించలేదు. 1989లో మూపనార్ గారి నాయకత్వంలో కాంగ్రెస్ ధైర్యం చేసి ఒంటరిగా పోటీ చేసింది. ఇరవై శాతం దాకా ఓట్లు వచ్చాయి, సీట్లు 26. ఆ దెబ్బతో మళ్లీ పొత్తుల్లోకి వెళ్లిపోయింది, ఇక సొంతంగా లేవలేదు. 2024లో బీజేపీ కూడా రెండు ద్రవిడ పార్టీలకూ దూరంగా, చిన్న పార్టీలను కలుపుకుని నిలబడింది. పదకొండు శాతం ఓట్లు, సున్నా సీట్లు. మరుసటి ఏడాది మళ్లీ అన్నాడీఎంకేతో కలిసింది. జయలలిత గారు పోయాక ఆ పార్టీ చెదిరిపోతుందని అనుకున్నవాళ్లు రెండాకుల గుర్తుకు ఊళ్లలో ఉన్న పట్టును తక్కువగా అంచనా వేశారు. రెండో స్థానం బలహీనపడింది, ఖాళీ మాత్రం కాలేదు.

అక్కడ ఇంకోటి ఉంది. హిందీ విషయంలో తమిళుల పట్టుదల. దాన్ని నాయకులు పుట్టించిన గొడవగా చూసే వాళ్లతో నాకు ఏకీభావం లేదు. భాష కోసం పొట్టి శ్రీరాములు గారిని పోగొట్టుకున్న జిల్లా మనది. ఈ జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. తమ భాషను చిన్నచూపు చూస్తున్నారన్న అనుమానం వస్తే జనం ఎంత దూరం వెళతారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏ జాతీయ పార్టీ అయినా ఆ అనుమానాన్ని తీర్చకుండా చెన్నైలో గెలవలేదు, గెలవకూడదు కూడా.

కేరళ మీద ఎక్కువ సమయం తీసుకోను. అక్కడ రెండు కూటములూ బలంగా ఉన్నాయి. త్రిశూర్‌లో సురేశ్ గోపి గారు 2024లో గెలిచారు. కాంగ్రెస్ ఆ స్థానంలో మూడోదానికి జారింది కాబట్టి గెలిచారు. అదే లెక్క.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కాబట్టి ఒక్క మాట. ఇప్పుడు డెమొక్రాట్ల రాష్ట్రంగా చెప్పుకునే కాలిఫోర్నియా 1988 దాకా రిపబ్లికన్లకు ఓటేసిన రాష్ట్రం. ఆ పార్టీ అధ్యక్షులు నిక్సన్, రీగన్ ఇద్దరూ అక్కడి రాజకీయాల నుంచే ఎదిగారు. డాలస్ వైపు మన నెల్లూరు వాళ్లు కుప్పలుగా ఉంటున్న టెక్సస్ చివరిసారి డెమొక్రాట్ అధ్యక్ష అభ్యర్థిని గెలిపించింది 1976లో. ప్రతి నాలుగేళ్లకూ ఈసారి టెక్సస్ మారుతుందంటారు, మారదు. అక్కడ రెండే పార్టీలు కాబట్టి ఖాళీ అన్న ప్రశ్న రాదు. జనం వలసలు, పార్టీలు తమ వైఖరి మార్చుకోవడం, ఇవే అక్కడ రాష్ట్రాలను తిప్పేవి. అందుకే అమెరికా ఉదాహరణలు తెచ్చి మన రాష్ట్రాల మీద రుద్దడం సరికాదు.

ఇప్పుడు మన ఆంధ్ర. 2024లో వైసీపీకి వచ్చిన సీట్లు 175లో పదకొండు. పేపర్లలో ఆ పార్టీ పని అయిపోయిందని రాశారు. ఓట్లు చూడండి, ముప్ఫై తొమ్మిది శాతం. నాకు వెంటనే 1955 గుర్తొచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు మన అలగానిపాడు బిడ్డ. ఆ ఏడాది ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు అధికారం తమదే అనుకున్నారు. ప్రత్యర్థులంతా ఏకమయ్యారు. కమ్యూనిస్టులకు 196లో 15 సీట్లు వచ్చాయి. ఓట్లు మాత్రం ముప్ఫై ఒక్క శాతం. పార్టీ అంతరించిందన్నారు అప్పుడూ. 1962లో మళ్లీ యాభై సీట్లు దాటింది. దాన్ని నిజంగా దెబ్బతీసింది 1955 ఓటమి కాదు, 1964 చీలిక. పార్టీలు ఓటమితో చావవు. లోపల విరిగితేనో, ఓటరుకు మరో ఇల్లు దొరికితేనో చస్తాయి. 2014లో కాంగ్రెస్‌కు ఆ రెండూ జరిగాయి. అంతకు ముందు ఎన్నికలో ఉమ్మడి రాష్ట్రంలో 156 సీట్లు గెలిచిన పార్టీ విభజన తర్వాత మన రాష్ట్రంలో సున్నా అయింది. ఆ ఓటు గుత్తగా జగన్ గారి దగ్గరికి వెళ్లింది. ఆ సమయంలో బీజేపీ తెలుగుదేశం పొత్తులో ఉంది కాబట్టి ఖాళీ అయిన ఆ చోటుకు పోటీ పడే ప్రశ్నే రాలేదు.

1998ని కూడా మర్చిపోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీజేపీ తెలుగుదేశంతో పొత్తు లేకుండా నిలబడి పద్దెనిమిది శాతం ఓట్లు, నాలుగు లోక్‌సభ సీట్లు తెచ్చుకుంది. కాకినాడ, రాజమండ్రి కూడా అందులో ఉన్నాయి. కోస్తాలో ఆ పార్టీకి అంతకంటే మంచి అదను ఇంతవరకు రాలేదు. మరుసటి ఏడాదే తెలుగుదేశంతో పొత్తు. సీట్లు ఏడయ్యాయి. కానీ పోటీ చేసిన స్థానాలు తగ్గాయి. మిగతాచోట్ల జెండా పట్టుకున్న కార్యకర్త వేరే పార్టీ అభ్యర్థి కోసం తిరగాల్సి వచ్చింది. 2004లో సున్నా. పొత్తు సీటునిస్తుంది, బూత్ ఏజెంటును పోగొడుతుంది. ఆ బేరం తప్పని నేను అనడం లేదు. వాజ్‌పేయి గారి ప్రభుత్వం నిలబడటానికి ఆ సీట్లు అవసరం. ఢిల్లీకి కావాల్సింది దొరికింది, ఆంధ్రలో పార్టీకి కావాల్సింది పోయింది.

ప్రత్యేక హోదా సంగతి మీకు తెలియనిది కాదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు అయిదేళ్లు ఇస్తామన్నారు. మన వెంకయ్యనాయుడు గారు లేచి పదేళ్లు కావాలన్నారు. అధికారంలోకి వచ్చాక ప్యాకేజీ అన్నారు. 2019లో సొంతంగా పోటీ చేసిన బీజేపీకి ఈ రాష్ట్రంలో వచ్చిన ఓట్లు నోటా కంటే తక్కువ. జనం అడిగింది భిక్ష కాదు, సభలో ఇచ్చిన మాట. ఈ విషయం మాట్లాడేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పెరుగుతుంది, క్షమించండి.

నాయకులను తెచ్చుకుంటే సరిపోదా అని అడుగుతారు. మన జిల్లాయే దానికి సమాధానం. 2019లో ఉమ్మడి నెల్లూరులో పదికి పది వైసీపీ. 2024లో పదికి పది తెలుగుదేశం. మధ్యలో ఆనం రామనారాయణరెడ్డి గారు, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి గారు, వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డి గారు అటు నుంచి ఇటు వచ్చారు. వాళ్లు వచ్చింది అప్పటికే ప్రతి ఊళ్లో జెండా ఉన్న పార్టీలోకి. వాళ్ల బలం, పార్టీ బలం కలిశాయి. అస్సాంలో 2015లో హిమంత బిశ్వశర్మ గారు బీజేపీలోకి వెళ్లినప్పుడూ కింద పనిచేసే మనుషులు సిద్ధంగా ఉన్నారు. అలాంటి ఏర్పాటు లేని చోటికి ఎంత పెద్ద నాయకుడు వచ్చినా ఒంటరివాడే.

ముందు రాబోయే పెద్ద పరీక్ష లోక్‌సభ సీట్ల పునర్విభజన, అంటే జనాభాను బట్టి రాష్ట్రాలకు సీట్లు మళ్లీ పంచడం. 1976లో ఆపారు, 2001లో 84వ సవరణతో 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు బలం తగ్గుతుందన్న భయం మనందరిదీ. ఆంధ్రకు ఉన్నవి 25 సీట్లు. జనాభా ఒక్కటే కొలమానమైతే ఈ భయం నిజమవుతుంది. అప్పుడు దక్షిణాదిలో ఏళ్ల తరబడి కట్టుకున్న బూత్ కమిటీలు కూడా బీజేపీని కాపాడలేవని నా అభిప్రాయం. న్యాయంగా పరిష్కరిస్తే మాత్రం ఇక్కడి ఓటరు ఆ పార్టీని కొత్తగా చూసే అవకాశం ఉంది. ఈ విషయంలో ఏ పార్టీ ఎంపీ ఏం మాట్లాడారో రాసిపెట్టుకోండి.

కాంగ్రెస్ మిత్రులు సంతోషించాల్సిందీ లేదు. గుజరాత్‌లో 1985 తర్వాత వాళ్లు ఎన్నికలో గెలిచి అధికారంలోకి రాలేదు. 2022లో పదిహేడు సీట్లు. ఇదే సూత్రం అక్కడ వాళ్లకు ఎదురు తిరిగింది.

ఒక చీటీ వచ్చింది. 'మన రెండు జిల్లాల్లో బీజేపీ నిజంగా పెరుగుతోందా లేదా అని మామూలు మనిషి ఎలా తెలుసుకోవాలి' అని. మంచి ప్రశ్న. పెద్ద సభలకు వచ్చిన జనాన్ని చూసి లెక్కేయకండి. జెడ్పీటీసీ, ఎంపీటీసీ ఎన్నికల్లో ఉదయగిరి, మర్రిపాడు, కనిగిరి, పామూరు లాంటి మండలాల్లో ఆ పార్టీ సొంత గుర్తు మీద ఎంతమందిని నిలబెట్టిందో చూడండి. ఆ అభ్యర్థి ఆ ఊరివాడేనా, నిన్నటిదాకా వేరే కండువాలో ఉన్నవాడా అన్నది కనుక్కోండి. పోలింగ్ రోజు సాయంత్రం దాకా బూత్‌లో ఆ పార్టీ ఏజెంటు కూర్చున్నాడో లేదో చూడండి. ఒడిశాలో 2017లో ఇలాంటివి గమనించినవాళ్లకు 2024 ఆశ్చర్యం కలిగించలేదు.

ఇంకా చీటీలున్నాయి. మైకు అటు వెనక వరసకు ఇవ్వండమ్మా, ఆయన ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు.